పవర్ బ్రేకులు పెట్టించాక బండి ఆగనంది

మాది ఫ్రిస్కో, డాలస్‌కి ఉత్తరాన. నా దగ్గర 1969 షెవర్లే సీ10 పికప్ ఉంది. సీ10కి ముందు చక్రాల డిస్క్ బ్రేకులు కంపెనీయే మామూలుగా ఇవ్వడం 1971 మోడల్ నుంచి మొదలైంది. కాబట్టి నా బండికి నాలుగు వైపులా డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. కాలు గట్టిగా వేస్తే ఆగేది. వానలో మాత్రం ఒక పక్కకి లాగేది. ఆ లాగుడు పోవాలని ముందు డిస్కులు, బూస్టర్, కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపుని ఆయిల్ ప్రెషర్‌గా మార్చేది) ఉన్న కిట్ కొని ఒక షాపులో బిగించమన్నాను.

బండి ఇంటికొచ్చాక మొదటి సిగ్నల్ దగ్గరే టెన్షన్ పట్టుకుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కిందికి దిగదు, బండి ఆగదు. పాత డ్రమ్ములే నయం. షాపువాళ్లు మళ్లీ బ్లీడ్ చేసి, అంటే ఆయిల్ లైన్లో గాలి బయటికి తీసి, "పాత బండి అంతే" అని తేల్చేశారు. హ్యూస్టన్‌లో ఉన్న బావకి ఫోన్ చేస్తే అతనూ అదే పాట: "ఎయిర్ పట్టుంటుంది బావా, బ్లీడ్ చెయ్."

బ్రేకుల గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా బ్లీడింగే. నాకది నచ్చలేదు. లైన్లో గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగుతుంది, రెండు మూడు సార్లు పంప్ చేస్తే పైకి లేస్తుంది. నాది దిగడమే లేదు. గట్టి పెడల్ అంటే ఆయిల్ వైపు కంటే బూస్టర్ వైపు ముందు చూడాలి. అయినా కాలిపర్ల (డిస్క్‌ని ప్యాడ్లతో పట్టే భాగాల) బ్లీడర్ స్క్రూలు పైవైపే ఉన్నాయా అని ఒకసారి వంగి చూశాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మారితే ఆ స్క్రూ కిందికొస్తుంది, ఎంత బ్లీడ్ చేసినా గాలి పైనే ఉండిపోతుంది. ఇక్కడ సరిగానే ఉన్నాయి.

బూస్టర్‌ని పరీక్షించడానికి పనిముట్లేం అక్కర్లేదు. ఇంజన్ ఆపి, లోపల మిగిలిన వాక్యూమ్ అయిపోయేదాకా పెడల్ పంప్ చేసి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయాలి. ఇంజన్ అందుకోగానే పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. నాది కదిలీ కదలనట్టు దిగింది. మన ఊళ్లో లారీల ఎయిర్ బ్రేకులకి కుదించిన గాలి బలం. ఈ బూస్టర్‌కి గాలి లేకపోవడమే బలం. ఇంజన్ ఒక వైపు గాలిని లాగేస్తే, రెండో వైపు నుంచి బయటి గాలి డయాఫ్రమ్‌ని తోస్తుంది. ఇంజన్ సరిగా లాగకపోతే బూస్టర్ అక్కడ ఉన్నా లేనట్టే.

వాక్యూమ్ గేజి తెచ్చి ఇంటేక్ మ్యానిఫోల్డ్‌కి తగిలించాను. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరుగుతున్నప్పుడు, పాదరసపు అంగుళాల్లో 18, 20 చూపిస్తుంది. నాది న్యూట్రల్‌లో 12. డ్రైవ్‌లో ఎంతుందో చూడాలి కదా, చక్రాలకి దిమ్మలు పెట్టి మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టాను. "ఏమండీ, ఇది ఒక్క అంగుళం కదిలినా నేను దూకేస్తా," అంటూనే గేరు వేసింది. ముల్లు 9కి పడిపోయింది.

కారణం ఇంజన్ వాల్వుల్ని తెరిచే క్యాంషాఫ్ట్. నాకు ముందు ఈ బండి ఉన్నాయన రేసు బండిలా గుడగుడలాడాలని పెద్ద క్యాం వేయించాడు. అలాంటి క్యాంలో ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకునే సమయం ఎక్కువ, అందుకే ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. ఆ చప్పుడు వినడానికి బాగానే ఉంటుంది, దాని ఖర్చు బ్రేకులు భరిస్తాయి.

పాత డ్రమ్ములే ఎందుకు నయం అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దానికి జవాబు పెడల్ దగ్గర దొరికింది. పివట్ (పెడల్ కీలు) నుంచి కాలు పెట్టే చోటు మధ్యకి ఎంత దూరమో, పివట్ నుంచి పెడల్ తోసే రాడ్డు పిన్నుకి ఎంత దూరమో కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే కాలి బలం ఎన్ని రెట్లవుతుందో తెలుస్తుంది. బూస్టర్ లేని బండికి ఆరు రెట్లు, ఆ చుట్టుపక్కల ఉంటుంది. బూస్టర్ ఉంటే నాలుగు చాలు, కిట్‌లో బ్రాకెట్ కూడా అలాగే వస్తుంది. నాది నాలుగే. అంటే మిగతాది వాక్యూమ్ చూసుకుంటుందని కాలికున్న సాయం తగ్గించేశారు, ఇక్కడేమో ఆ వాక్యూమే లేదు. పైగా డ్రమ్ములో షూ (లోపలి నుంచి ఒరుసుకునే ముక్క) తిరిగే డ్రమ్ముతో పాటు తనంతట తానే బిగుసుకుంటుంది. డిస్క్‌కి ఆ సౌకర్యం లేదు, దానికి ఆయిల్ ప్రెషరే ఎక్కువ కావాలి.

ఎంత తక్కువ పడుతోందో తెలుసుకోవడానికి ముందు కాలిపర్ బ్లీడర్ చోట ప్రెషర్ గేజి బిగించాను. బలమంతా పెట్టి తొక్కితే 600 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). డిస్కులకి గట్టి బ్రేకులో 1000 దాకా రావాలి. కిట్ అమ్మిన చోట అడిగితే "ఇంకా పెద్ద బూస్టర్ వేయండి" అన్నారు. ఆ సలహా డబ్బు దండగ అనిపించింది. అందులోకి వెళ్లేదీ అదే 9 అంగుళాలు కదా. వాక్యూమ్ ట్యాంకు పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. ట్యాంకు దాచిపెడుతుంది తప్ప పుట్టించదు. పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రోబూస్ట్ నిజంగా మంచిదే, కానీ నా బండికి పవర్ స్టీరింగే లేదు.

ముందు ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం ముందుకి జరిపి, ఐడిల్ మిక్స్చర్ సరిచేస్తే న్యూట్రల్‌లో 14, డ్రైవ్‌లో 12 వచ్చింది. ఊరికే వచ్చిన లాభం. తర్వాత కరెంటుతో నడిచే వాక్యూమ్ పంపు పెట్టాను. ముల్లు 18 దగ్గర నిలబడింది, కాలిపర్ దగ్గర 800 వచ్చింది.

ఆ మిగతా 200 మాస్టర్ సిలిండర్‌లో ఉంది. కిట్‌లో వచ్చినదాని బోరు, అంటే లోపలి వ్యాసం, అంగుళం మీద ఎనిమిదో వంతు. అంగుళం బోరుదానికి మారిస్తే పిస్టన్ వైశాల్యం తగ్గి, అదే తోపుకి ప్రెషర్ పావు వంతు పైగా పెరుగుతుంది. పెడల్ కాస్త ఎక్కువ దిగుతుంది, అది నాకు ఇబ్బంది కాదు. కొత్తదాన్ని బల్ల మీదే బ్లీడ్ చేసి, బూస్టర్ రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య అర మిల్లీమీటరు సందు ఉండేలా సరిచేసి బిగించాను. ఈ సందు మీద అశ్రద్ధ చేయకూడదు. రాడ్డు పొడుగైతే ఆయిల్ వెనక్కి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయి, బ్రేకులు పట్టేసి కాలిపోతాయి. ఈసారి గేజి 1000 దాటింది.

ప్యాడ్లు డిస్కులకి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ల వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడిపాను. పంపుకి విడిగా రిలే, ఫ్యూజు ఇచ్చి, వాక్యూమ్ 14 కంటే తగ్గితే వెలిగే ఎర్ర దీపం డాష్ కింద పెట్టాను. పంపు చప్పుడు కిటికీలు మూసినా వినిపిస్తుంది, దానికి మాత్రం మందు దొరకలేదు.

మొన్న హ్యూస్టన్ బావ తన 1972 సీ10 పెడల్ మెత్తగా నేల దాకా దిగుతోందని ఫోన్ చేశాడు. పంపు కొంటానంటే వద్దన్నాను. ముందుగా, వెనక చక్రాల డ్రమ్ముల్లో షూలని డ్రమ్ముకి దగ్గరగా జరిపే అడ్జస్టర్లు బిగించి, అప్పటికీ దిగుతుంటే అప్పుడు బ్లీడ్ చెయ్యమన్నాను.