అమ్మ చేతుల నొప్పికి పాదాల ఎక్స్‌రే

పాకాల దగ్గర మా ఊళ్లో అమ్మకు రెండు ఆవులున్నాయి. తెల్లారుజామునే లేచి పాలు పిండటం ముప్పై ఏళ్ల అలవాటు. అలాంటిది పోయినేడు చలికాలంలో ఒకరోజు "పిడికిలి పట్టడానికి రావడం లేదే" అంది. ఎండెక్కేదాకా, అంటే గంటన్నర పైగా, వేళ్లు కట్టెల్లా బిగుసుకుని ఉండేవి.

పుత్తూరు కట్టు కట్టించమన్నారు ఇరుగుపొరుగు. ఎముక విరగలేదు కదా అని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మోకాళ్లు కూడా నొప్పి అని అమ్మ అనగానే వాటికే ఎక్స్‌రే రాశారు. గుజ్జు అరిగిందని చెప్పి మాత్రలిచ్చారు. చేతులు పట్టి చూడలేదు. మేమూ గట్టిగా అడగలేదు. అలా ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది.

కణుపులు ఉబ్బి ఉంగరం కోయించాల్సి వచ్చాక తిరుపతికి బస్సెక్కాం. అక్కడ కీళ్లవాతం చూసే మేడం ఒక్కో కణుపూ నొక్కి చూసి, రక్తపరీక్షలతో పాటు రెండు చేతులకూ, రెండు పాదాలకూ ఎక్స్‌రే రాశారు. నొప్పి చేతుల్లో కదా, పాదాలెందుకని అడిగాను.

"ఈ జబ్బు చాలామందికి కాలి చిటికెనవేలి మొదట్లో ముందు కొరుకుతుందమ్మా. చేతుల్లో ఇంకా కనబడకపోయినా అక్కడ దొరకొచ్చు" అన్నారు.

దొరికింది. చేతుల ఫిల్ములో కణుపుల పక్కన ఎముక కాస్త పలచబడింది, అంతే. పాదం ఫిల్ములో మాత్రం చిటికెనవేలి మొదట ఎముక అంచు చిన్నగా తినేసినట్టుంది. మేడం వేలు పెట్టి చూపిస్తేగానీ నాకు కనబడలేదు. పాత మోకాలి ఫిల్మును దాని పక్కనే పెట్టారు. అందులో లోపలి వైపు సందు దాదాపు మూసుకుపోయింది, బయటి వైపు బాగానే ఉంది. రాపిడికి ఎముక తెల్లగా గట్టిపడి, అంచుల్లో ముళ్లలా పెరిగింది. అది అరుగుదలే, ముందు డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. చేతుల్లో ఉన్నది వేరే జబ్బు, రుమటాయిడ్ అనే కీళ్లవాతం. అరుగుదల ఎముకను పెంచుతుంది, రుమటాయిడ్ ఎముకను తింటుంది. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చని మాకెవరూ చెప్పలేదు.

మా మామకు యూరిక్ యాసిడ్ ఎక్కువ, బొటనవేలు వాస్తుంది, దాన్ని గౌట్ అంటారు. అదీ ఇలాగే కనబడుతుందా అని అడిగాను. ముదిరిన గౌట్‌లో ఎలుక కొరికినట్టు గుంట పడి, దాని అంచు పైకి వంగి ఉంటుందట, కీలు సందు మాత్రం చాలాకాలం చెడదట.

తర్వాత చేతులకు అల్ట్రాసౌండ్ తీశారు. కీలు లోపలి పొర ఉబ్బి, అందులో రక్తం పారుతున్నచోట తెర మీద ఎర్రగా వెలిగింది. ఎక్స్‌రే ఎముకనే చూపిస్తుంది, ఈ వాపును చూపించలేదు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగా ఉన్నా జబ్బు లేదనుకోకూడదని మేడం చెబుతుంటే, అమ్మ తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. రక్తపరీక్షలో రుమటాయిడ్‌కు గుర్తుగా చూసే యాంటీ సీసీపీ కూడా పాజిటివ్ వచ్చింది.

రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని మూడుసార్లు చెప్పారు. క్యాలెండర్లో ప్రతి ఆదివారానికీ సున్నా చుట్టాను. మూడు నెలలకు పొద్దుటి బిగుతు అరగంటకు తగ్గింది. ఒక ఆవు పాలు అమ్మే పిండుతోంది, రెండోది నేను చూసుకుంటున్నా.

ఏడాదికి మళ్లీ పాదాల ఫిల్ము తీస్తారట. పోల్చి చూడాలి, పాతవి పారేయొద్దన్నారు. మడత పడకుండా బీరువాలో చీరల కింద పరిచి పెట్టాను.