బందరు బాబాయి

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమంటే మనవాళ్ళలో సగం మంది ప్రార్థన గురించీ, ఇంటర్వెల్‌లో కొనుక్కున్న ఉప్పూకారం మామిడి ముక్కల గురించీ రాస్తారని నాకు తెలుసు. రాయనీండి. నాకు మాత్రం బడి అంటే సోమవారం రెండో పీరియడు. 1996-97లో పదో తరగతి చదివిన మన బ్యాచ్ వాళ్ళకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు, ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

మిగతావాళ్ళ కోసం చెప్పాలి. ఎనిమిదో తరగతిలోకి రాగానే మన తెలుగు మాస్టారు అందరిచేతా వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొనిపించారు. శని, ఆదివారాల్లో ఇంటికి ఎవరొచ్చారు, మీరెక్కడికి వెళ్ళారు, ఏం తిన్నారు, ఏం మాట్లాడుకున్నారు, అదంతా ఒక పేజీ రాసి సోమవారం నిలబడి చదవాలి. మార్కులు లేవు. మొదటి వారం నేను గొప్పగా "మా గృహమునకు బంధువులు విచ్చేసిరి" అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ అమ్మ తలుపు తీసి వాళ్ళతో ఏమందమ్మా?" అని అడిగారు. "ఇప్పుడా రావడం, ముందు కాళ్ళు కడుక్కోండి అంది సార్" అన్నాను. "అది రాయి" అన్నారు. అంతే, ఆ తర్వాత మూడేళ్ళు అదే రాశాం.

రాయడానికి నాకు కొదవ ఉండేది కాదు. కోడంబాకంలో మాది ఒకటిన్నర గది పోర్షను, ఆరు పోర్షన్లకూ కలిపి ఒక చేతిపంపు. నాన్న వడపళని దగ్గర ఒక తెలుగు ప్రెస్సులో కంపోజింగు చేసేవారు. కృష్ణా జిల్లాలో మా నాన్నవైపు వాళ్ళకీ, గుంటూరులో అమ్మవైపు వాళ్ళకీ "మద్రాసులో మనవాళ్ళున్నారు" అంటే మేమే. కంటి ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళు, టి.నగర్‌లో పెళ్ళి చీరలు కొనేవాళ్ళు, తిరుపతి దర్శనం చేసుకుని గుండుతో అలా సముద్రం చూసి పోదామని దిగేవాళ్ళు, అందరూ మా ఇంటికే. వాళ్ళను తీసుకురావడానికి నాన్నతో నేను వెళ్ళేదాన్ని. కోడంబాకంలో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కి పార్కులో దిగి, రోడ్డు దాటితే సెంట్రల్. పినాకిని ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి వస్తుంది. పొద్దున ఆరింటికి బెజవాడలో ఎక్కినవాళ్ళ దగ్గర పులిహోర వాసన ఇంకా పోయి ఉండదు, అరటాకు మూట విప్పితే ప్లాట్‌ఫారం మీదే నాకో ముద్ద దొరికేది.

మా పెద్దమ్మ కొడుకు అమెరికా వీసాకు వచ్చిన వారం మీకెవరికీ మరపురాదనుకుంటాను. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు, రావడానికి ఇంకా పదేళ్ళ పైమాటే. ఆంధ్రాలో ఏ మూల నుంచైనా సరే, మద్రాసులో జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న ఆ కాన్సులేట్ గోడ దగ్గరికి వచ్చి తెల్లవారుజామునే వరసలో నిలబడాల్సిందే. అన్నయ్య మూడు రోజులు మా బీరువా అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు సాధన చేశాడు. మా చెల్లి వీసా ఆఫీసరు. "వై డూ యూ వాంట్ టు గో?" అని అది గొంతు లావు చేసి అడగడం, అన్నయ్య చెమటలు తుడుచుకోవడం. పక్క పోర్షను తమిళ పాటి, అంటే అవ్వ, ఏమీ అర్థం కాకపోయినా వాడి నుదుటిన విభూతి పెట్టి పంపింది. వీసా వచ్చింది, పెద్దమ్మ ఆరు పోర్షన్లకూ మైసూరుపాకు పంచింది. నేను అది చదివిన రోజు నుంచి, క్లాసులో ఎవడు లేచి "సార్, బయటికి వెళ్ళొస్తాను" అన్నా వెనక బెంచీలన్నీ ఒక్కసారే "వై డూ యూ వాంట్ టు గో?" అని అరిచేవి. లెక్కల మాస్టారికి ఇదేమిటో చివరిదాకా అర్థం కాలేదు పాపం.

మా తాతయ్యది వేరే సంగతి. ఆయన మద్రాసు వస్తే చూడాల్సింది ఒక్కటే, బజుల్లా రోడ్డులో రామారావు గారి ఇల్లు. ఒకప్పుడు కొండ దిగిన టూరిస్టు బస్సులు తిన్నగా ఆ రోడ్డుకే వచ్చేవట, వెంకటేశ్వరస్వామిని కొండ మీద చూసి, ఆ వేషం వేసిన ఆయన్ని ఇక్కడ చూసి అప్పుడు ఊరికి మళ్ళేవాళ్ళట. తాతయ్య కూడా అలాగే గుండుతో వచ్చి గుంపులో నిలబడి చూశాడు. ఎంతసేపు చూశావు తాతయ్యా అంటే ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు, చెప్పేకొద్దీ టైము పెరిగేది. 1996 జనవరిలో రామారావు గారు పోయారు. ఆ ఫిబ్రవరిలో తాతయ్య వచ్చి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళమన్నాడు. రోడ్డు అవతల చెప్పులు విడిచి నిలబడి, కాసేపటికి "పద" అన్నాడు. నేను పేజీలో రాసింది కూడా అంతే, నాలుగు లైన్లు. పేజీ నిండలేదని మాస్టారు అనలేదు.

మేము ఊరికి వెళ్ళే ప్రయాణాలూ రాసేవాళ్ళం. అందరివీ దాదాపు ఒకేలా ఉండేవి, ఎందుకంటే దారి ఒకటే. ఆరంబాకం దాటి తడ వచ్చేసరికి స్టేషను బోర్డు మీద తమిళం పోయి తెలుగు వస్తుంది, పిల్లలు కిటికీలోంచి అరుస్తారు. నెల్లూరు దాటగానే పెన్న మీద పైసలు వేస్తాం. ఒకే సోమవారం ఏడుగురు పెన్నలో పైసలు వేశారు. "పాపం చేపలు" అన్నారు మాస్టారు.

పెరంబూరు నుంచి వచ్చే అమ్మాయి మాత్రం ఏ రైలూ ఎక్కలేదు. మొదటి సోమవారం లేచి, "మాకు ఊరు లేదు సార్. మా తాత వాళ్ళ తాత కూడా ఈడే ఉండారు" అని కూర్చుండిపోయింది. మేం నవ్వాం. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నవ్వాం, దాని తెలుగుకి కూడా నవ్వాం. నాన్నను నైనా అనేది, ఎక్కువ అనడానికి జాస్తి అనేది. మా అందరికీ కృష్ణా గుంటూరు పొగరు ఉండేది, అక్కడ నాలుగు రోజులు ఉండి వచ్చినా సరే. మాస్టారు కోప్పడలేదు. "ఊరెందుకమ్మా, మీ ఇంటికి ఎవరూ రారా?" అన్నారు. మరుసటి వారం అది రాసుకొచ్చింది: "ఆదివారం మా అత్త మైలాపూరు నుంచి 29సి బస్సులో వస్తాది. సీటు దొరికితే నవ్వతా దిగతాది. దొరక్కపోతే ఆ పొద్దంతా మా నైనాకు తిట్లే." అంతే. ఆ అత్తను మేం ఎవరం చూడలేదు, కానీ మూడేళ్ళపాటు ప్రతి సోమవారం అది లేవగానే క్లాసంతా అడిగే మొదటి ప్రశ్న, "సీటు దొరికిందా?" ఒకసారి వరసగా ఐదు వారాలు దొరకలేదు. ఆరో వారం దొరికిందని చదివితే చప్పట్లు కొట్టాం. వంద మైళ్ళు రైలెక్కి మేం తెచ్చినవేవీ దాని పేజీ ముందు నిలవలేదు. నాకు కుళ్ళుగా ఉండేది కూడా, దాచడం ఎందుకు.

ఆ కుళ్ళులోంచే పుట్టాడు బందరు బాబాయి.

1995 నవంబరు. వానలు. మూడు వారాలుగా మా ఇంటికి పురుగు కూడా రాలేదు. ఇంకోపక్క శ్రీకాకుళం అబ్బాయి, ఈ సంచిక పని నెత్తినేసుకున్నది వాడే, వాళ్ళ మావయ్య పలాస నుంచి డబ్బాడు జీడిపప్పు తెచ్చాడని చదివి అందరికీ తలా రెండు పలుకులు పంచాడు కూడా. ఆ ఆదివారం రాత్రి ఖాళీ పేజీ ముందు కూర్చుని రాసేశాను: మా బందరు బాబాయి వచ్చాడు. తొక్కుడు లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గూడూరు దగ్గర నిద్రపోయాడు. సెంట్రల్‌లో అందరూ దిగిపోయారు, ఆయన లేవలేదు. ఖాళీ రైలును బేసిన్ బ్రిడ్జి యార్డుకు తోసుకెళ్ళారు. పెట్టెలు కడిగేవాళ్ళు నీళ్ళు కొడితే లేచి, ఊళ్ళో వాన కారుతోందనుకుని "ఒసేయ్, గిన్నె పెట్టు!" అని అరిచాడు. అక్కడినుంచి లడ్డూల డబ్బా నెత్తిన పెట్టుకుని పట్టాల వెంబడి నడుచుకుంటూ వచ్చాడు.

క్లాసు పడీపడీ నవ్వింది. పెరంబూరు అమ్మాయైతే కళ్ళు తుడుచుకుంది. ఆ రుచి మరిగాక నేను ఆగలేదు. బాబాయి మళ్ళీ వచ్చాడు. మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగు ముందు నిలబడి అంతస్తులు లెక్కపెడితే పదమూడే వచ్చాయి, పద్నాలుగోది ఎవరో కాజేశారని వాచ్‌మన్‌తో తగువు వేసుకున్నాడు. రంగనాథన్ స్ట్రీట్‌లో జనం తోసుకెళ్ళి ఆయన్ని ఒక పాత్రల కొట్లో పడేస్తే, మొహమాటానికి ఇడ్లీ పాత్ర కొన్నాడు. మెరీనాలో పంచె ఎగ్గట్టి సముద్రంలోకి దిగి, కాలవలో ఈదినట్టు ఈదబోయి పంచె పోగొట్టుకున్నాడు. ఈ చివరిది అమ్మాయిలు రాయాల్సింది కాదని మాస్టారు కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ ఆయనా నవ్వారు.

తర్వాత ఒకరోజు నా పేజీ కింద ఎర్ర సిరాతో ఒక లైను: "మీ బాబాయిగారిని ఒకసారి బడికి తీసుకురా."

రెండు రాత్రులు నిద్ర లేదు. మా నాన్నకు నలుగురు అక్కచెల్లెళ్ళు. తమ్ముడు లేడు, అన్నయ్యా లేడు. బాబాయికి జబ్బు చేసిందని రాద్దామా, బొంబాయి పంపించేద్దామా అని ఆలోచిస్తుండగా, ఆ శనివారం పాండీ బజారులో కూరగాయలు కొంటుంటే ఎదురుగా మాస్టారు. నా చేతిలో సంచి, పక్కన నాన్న. నమస్కారాలయ్యాయి. మాస్టారు వెంటనే, "మీ తమ్ముడుగారు ఎలా ఉన్నారండీ? మా క్లాసంతా ఆయన అభిమానులే" అన్నారు. నేను వంకాయల వైపు చూస్తూ నిలబడ్డాను. నాన్న ఒక్క క్షణం నన్ను చూసి, "బాగున్నాడండీ. మొన్ననే వెళ్ళాడు. వాడు వస్తే ఇల్లు ఇల్లులా ఉండదు" అన్నారు.

ఇంటిదాకా మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం, "మా తమ్ముడు లడ్డూలు ఏ కొట్లో తెస్తాడు?" అని అడిగారు. నేను ఏడ్చేశాను. ఆయన నోటుపుస్తకం తెమ్మని, మొత్తం చదివి, అచ్చుతప్పులు నాలుగు దిద్ది ఇచ్చారు. ప్రెస్సు అలవాటు. ఆ తర్వాత ఆదివారం రాత్రి, "ఈ వారం వాడు వస్తున్నాడా?" అని ఆయనే అడగడం మొదలైంది. కొన్నిసార్లు వస్తున్నాడని ఆయనే చెప్పేవారు.

పదో తరగతిలో ఉండగా కృష్ణా నీళ్ళు మద్రాసుకు వచ్చాయి గుర్తుందా? అదే 1996లో మద్రాసు పేరు చెన్నై అయింది కూడా. ఎన్టీఆర్, ఎంజీఆర్ 1983లో తెలుగుగంగ ఒప్పందం చేసుకుంటే, 15 టీఎంసీలు అని కాగితం మీద ఉన్న నీళ్ళు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా తిరిగి తిరిగి ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటాయి. మా పోర్షన్లలో బిందెల గొడవ చూసినవాళ్ళకు ఆ వార్త ఎంత పెద్దదో తెలుస్తుంది. మెట్రో వాటర్ లారీ వస్తే పాటి, అమ్మ, అందరూ ఒకరినొకరు ఎరగనట్టు తోసుకునేవాళ్ళు. ఊరినుంచి చుట్టాలు వచ్చి, రెండు బకెట్లు నెత్తిన గుమ్మరించుకుని "హమ్మయ్య" అంటే అమ్మ మొహం చూడాలి. ఆ వారం బాబాయి చేత నేనో మాట అనిపించాను: "నేను బెజవాడలో రైలెక్కితే ఏడు గంటల్లో వస్తాను. మా నీళ్ళకు పదమూడేళ్ళు పట్టింది. దారిలో ఎక్కడో నిద్రపోయుంటాయి." మాస్టారు ఆ మాట బోర్డు మీద రాయించారు. నిజానికి అది నాన్న మాట.

మాస్టారికి తెలుసా? తెలిసే ఉంటుందని నా అనుమానం. పదో తరగతి చివరి సోమవారం పుస్తకాలు తిరిగి ఇచ్చేటప్పుడు నాతో "మీ బాబాయిగారికి, నాన్నగారికి, ఇద్దరికీ నా నమస్కారాలు చెప్పు" అన్నారు. ఇద్దరికీ అన్న మాట కాస్త నొక్కినట్టు అనిపించింది. నాకే అనిపించిందేమో.

నాన్న పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల శ్రీకాకుళం అబ్బాయి ఫోన్ చేశాడు, వ్యాసం ఎప్పుడిస్తావని. ఇప్పుడు వ్యాసర్పాడిలో ఉంటున్నాడట, రోజూ ఆఫీసుకు బేసిన్ బ్రిడ్జి మీదుగానే రైలు. మాటల్లో మాటగా, "అవునూ, మీ బందరు బాబాయి ఉన్నారా?" అన్నాడు, ఆ వయసువాళ్ళ గురించి అడిగేటప్పుడు అడిగినట్టు, గొంతు తగ్గించి.

"ఉన్నాడు" అన్నాను. "మోకాళ్ళ నొప్పులు. రైలెక్కడం మానేశాడు."

"అమ్మయ్య" అన్నాడు. "రైలు ఆ యార్డు దగ్గర ఆగినప్పుడల్లా చూస్తుంటాను, డబ్బా నెత్తిన పెట్టుకుని ఎవరైనా వస్తున్నారేమోనని. మా పిల్లలకు కూడా చెప్పాను."

ఈ వ్యాసం ప్రూఫులు దిద్దేది వాడే.