కిబ్లా బాణం అతికించే ముందు

ముస్లిం ప్రయాణికులను రప్పించాలనుకునే హోటళ్లు చాలావరకు హలాల్ బోర్డుతో మొదలుపెడతాయి. అసలు మొదలుపెట్టాల్సింది నీళ్ల దగ్గర. కమోడ్ పక్కన హ్యాండ్ షవర్ లేకుండా టిష్యూ పేపర్ ఒక్కటే పెడితే, మిగతా ఏర్పాట్లు ఎంత బాగున్నా ఆ గదిలో వాళ్లకు ఇబ్బందే.

తర్వాతది వజూ. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, చీలమండల దాకా కాళ్లు కడుక్కోవాలి. చిక్కంతా కాళ్ల దగ్గరే. ఎత్తుగా ఉన్న వాష్‌బేసిన్‌లోకి కాలెత్తి పెట్టాలంటే పెద్దవయసు వాళ్లకు ప్రమాదం. నేలంతా నీళ్లయితే వెనక వచ్చేవాళ్లు జారిపడతారు. ఉమ్మడి నమాజు గది కట్టేటప్పుడు కూర్చోవడానికి గట్టు, దాని ముందు కిందికి ఒక కుళాయి, నీళ్లు పోయే వాలు, జారని టైల్స్, వాచీ, సాక్సులు పెట్టుకోవడానికి చిన్న అర ఉండాలి. తడికాళ్లతో తివాచీ మీదికి రాకుండా మధ్యలో పొడి పట్టా వేయాలి. ఇది మరిచిపోతే తివాచీ వాసన పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. ఆడవాళ్లకు వజూ చోటు విడిగా, తలుపుతో ఉండాలి. కర్టెన్ చాలదు.

ఎక్కువ తప్పులు జరిగేది కిబ్లా, అంటే నమాజు చేసేటప్పుడు తిరగాల్సిన మక్కాలోని కాబా దిక్కు, చూపే బాణం దగ్గర. ఫోన్ దిక్సూచిని నమ్మి అతికించేస్తారు. స్లాబులోని ఇనుము, బీరువా, లిఫ్టు మోటారు దాన్ని పక్కకు లాగుతాయి. ఒకే గదిలో రెండు మూలల్లో రెండు దిక్కులు చూపించడం మామూలే. ఇంకో పొరపాటు, ఒక గదిలో పెట్టిన బాణాన్నే కారిడార్‌కు అవతలి గదుల్లోనూ అలాగే పెట్టేయడం. ఆ గదులు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి అక్కడ బాణం తప్పు దిక్కు చూపుతుంది. కాబా ఉన్నది 21.42 ఉత్తర అక్షాంశం, 39.83 తూర్పు రేఖాంశం దగ్గర. మీ భవనం నుంచి అక్కడికి కోణం లెక్కకట్టి, శాటిలైట్ మ్యాప్‌లో భవనం గోడతో పోల్చి, ఫ్లోర్ ప్లాన్‌లో ఒక్కో గదికి విడిగా గుర్తు పెట్టాలి. చదునైన ప్రపంచపటం మీద స్కేలు పెట్టి గీస్తే కుదరదు. మక్కా న్యూయార్క్ కంటే దక్షిణాన ఉన్నా, న్యూయార్క్ నుంచి కిబ్లా ఈశాన్యం, ఎందుకంటే గోళం మీద దగ్గరి దారి అటే.

సరిచూసుకోవడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. ఏటా మే 27–28 తేదీల్లో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) 9:18కి, జూలై 15–16 తేదీల్లో 9:27కి సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ నిమిషానికి మీ దగ్గర ఎండ ఉంటే, నిట్టనిలువుగా పాతిన కర్ర నీడకు ఎదురు దిక్కే కిబ్లా.

ఇక వంటగది. ‘పంది మాంసం వాడం’ అన్నంత మాత్రాన హలాల్ కాదు. జంతువును ఎలా కోశారన్నది ఒకటి. పుడ్డింగ్‌లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, సాస్‌లో వైన్, అన్నిటికీ ఒకటే వేపుడు నూనె, ఒకటే పటకారు మరొకటి. మాంసం సరఫరాదారు సర్టిఫికెట్ మీ వంటగదికి వర్తించదు. పూర్తిగా చేయలేకపోతే ఉన్నది ఉన్నట్టు రాయండి: ‘మాంసం హలాల్ సర్టిఫికెట్ ఉన్నది, ఇదే వంటగదిలో మద్యం వాడతాం’. ఈ ఒక్క వాక్యం చదివి అతిథి తన నిర్ణయం తాను తీసుకుంటాడు. దాచి తర్వాత బయటపడితే ఆ కుటుంబం మళ్లీ రాదు. నా దృష్టిలో రాకపోవడమే న్యాయం.

ముస్లిం అతిథుల సేవల కోసం మలేషియా 2015లో తెచ్చిన ఎంఎస్ 2610 ప్రమాణం బసతో పాటు టూర్ ప్యాకేజీలకు, గైడ్లకు కూడా వర్తిస్తుంది. అది సరైన ఆలోచన, ఎందుకంటే గదిలో అన్నీ అమర్చినా బస్సు షెడ్యూల్ చెడగొట్టవచ్చు. ప్రయాణంలో మధ్యాహ్నపు నమాజు జుహర్‌ను సాయంత్రపు అసర్‌తో, సూర్యాస్తమయపు మగ్రిబ్‌ను రాత్రి ఇషాతో కలిపి చదివేవాళ్లున్నారు. ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతి పాటించేవాళ్లు సాధారణంగా అలా కలపరు. అందుకని బుకింగ్ అప్పుడే అడిగి ఆగే చోట్లు రాసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా సామూహిక నమాజుకు ఖాళీ ఉంచాలి.

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది, కాబట్టి పాత క్యాలెండర్ పనికిరాదు. ఉపవాసం మొదలయ్యే ముందు తినే సహరీ భోజనం తెల్లవారుజాము నమాజు ఫజ్ర్‌కు ముందే గదికి చేరాలి, ఉదయం ఏడింటి బఫే వాళ్లకు అక్కరకు రాదు. సాయంత్రం బస్సు దారిలో ఉంటే సూర్యాస్తమయానికి ముందే ఖర్జూరాలు, నీళ్ల సీసాలు ప్రతి సీటుకూ అందించి ఉంచాలి.