మా తాబేలు కన్ను తెరిచింది – నా అనుభవం

నిన్న సాయంత్రం మా లడ్డు ఎడమ కన్ను తెరిచింది, 19 రోజుల తర్వాత. ఆ సంతోషం, అంతకుముందు పడ్డ అవమానం రెండూ పచ్చిగా ఉండగానే ఇది రాసేస్తున్నాను.

లడ్డు మా బాబు పెంచుకుంటున్న తాబేలు. కళ్ల వెనక ఎర్రటి చార ఉంటుంది, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. రెండేళ్ల కిందట విజయవాడలో ఒక చేపల షాపులో కొన్నాం. "ఇంతకంటే పెరగదమ్మా, రోజూ నాలుగు ఎండు రొయ్యలు వేస్తే చాలు" అన్నాడు షాపతను. రెండూ అబద్ధాలే. ఆడదైతే దాదాపు అడుగు పెరుగుతుంది, బాగా చూసుకుంటే 30 ఏళ్లు బతుకుతుంది. అది తెలియక నేను రెండేళ్లూ ఆ రొయ్యలే వేశాను.

పోయిన నెల కనురెప్పలు ఉబ్బి రెండు కళ్లూ మూసుకుపోయాయి. తిండి మానేసింది. ఇవి తిండిని కంటితో చూసి పట్టుకుంటాయి, చూపు లేకపోతే పక్కనే ఉన్నా తినవు.

ప్లాస్టిక్ బుట్టలో తడి టవల్ పరిచి, బాబుని కూడా తీసుకుని దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. చీటీ రాసే ఆయన "ఏంటమ్మా, కోడా?" అన్నాడు. తాబేలు అన్నాను. రిజిస్టర్ నా వైపు తిప్పి చూపించాడు, ఆవు, గేదె, గొర్రె, మేక, కుక్క, కోడి. "ఇందులో ఎక్కడ రాయమంటారు?" అని కాసేపు ఆలోచించి "ఇతరములు" అని రాశాడు. పేరేంటన్నాడు. లడ్డు అన్నాను. వరసలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. వెనకాల ఒక పెద్దాయన "తాబేలు ఉంగరం పెట్టుకుంటే సరిపోయేది కదమ్మా, అసలు తాబేలే ఎందుకు?" అన్నాడు. మళ్లీ నవ్వులు. సరే, అది పడ్డాను. కానీ ఆ చీటీ ఆయన అంతటితో ఆగలేదు. "ఇవి పెంచితే కేసు తెలుసా? ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యనా?" అని అందరికీ వినబడేలా అడిగాడు. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమేనండీ, కానీ ఇది అమెరికాలో మిసిసిపి నది వైపు రకం, ఈ ఎర్ర చార చూడండి అని బుట్ట ఎత్తి చూపించాను. ఆయన చూడనే లేదు. గొలుసు దొంగని పట్టుకున్నట్టు అందరూ నన్నే చూస్తున్నారు. మా బాబు బుట్టని గుండెకి హత్తుకుని, "అమ్మా, లడ్డుని తీసుకెళ్లిపోతారా?" అన్నాడు. వాడి గొంతు వణకడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రెండు గంటలు కూర్చున్నాక డాక్టర్ గారు పిలిచారు. బుట్టలోకి తొంగి చూశారు, చెయ్యి కూడా పెట్టలేదు. "దీనికి వైద్యం ఏముంటుందమ్మా, కాలవలో వదిలేయండి, అదే బతుకుతుంది" అన్నారు. నాకు తెలియదు, ఫలానా చోటికి వెళ్లండి అంటే దండం పెట్టి వచ్చేదాన్ని. కళ్లు కనబడని జీవాన్ని కాలవలో వదలమని చదువుకున్న మనిషి చెప్పడం నాకింకా మింగుడు పడటం లేదు. పైగా ఈ రకం, లోకంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఉంది. కాలవలోనో గుడి కోనేట్లోనో వదిలితే మన తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటుంది. దయచేసి ఎవరూ ఆ పాపం చెయ్యకండి.

తెలిసినవాళ్లని అడగ్గా అడగ్గా హైదరాబాద్‌లో పక్షులకీ తాబేళ్లకీ చూసే డాక్టర్ గురించి తెలిసింది. బస్సులో వెళ్లాం. ఆ డాక్టరమ్మాయి లడ్డుని అరచేతిలోకి తీసుకుని డిప్ప అంచుని బొటనవేలితో మెల్లగా నొక్కింది. తడిసిన అట్టలా లోపలికి వంగింది. చూస్తుంటే నా కడుపులో తిప్పింది. కళ్లకి విటమిన్ ఎ లోపం, డిప్పకి కాల్షియం, ఎండ లోపం అంది. ఎండెందుకు లేదండీ, కిటికీ పక్కనే పెడతాను అన్నాను. డిప్పకి కావాల్సిన, ఎండలో ఉండే యూవీబీ కిరణాలని కిటికీ అద్దం ఆపేస్తుందట! రెండేళ్లు నేను పెట్టింది వెలుగులో, ఎండలో కాదు.

బరువు తూచి ఇంజెక్షన్ చేసింది. ఇది మాత్రం సొంతంగా చెయ్యకండి, విటమిన్ ఎ ఎక్కువైతే తోలు ఊడిపోతుంది. యూవీబీ దీపం కొన్నాం. వెలుగు బాగానే ఉన్నా లోపలి కిరణాలు తగ్గిపోతాయి కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి, కొన్న తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నాను. కాల్షియానికి పక్షుల షాపులో దొరికే సముద్రపు నురుగు ముక్క (కటిల్ చేప ఎముక) నీళ్లలో వేశాం. రొయ్యలు బంద్. తాబేళ్ల గుళికలు, మునగాకు, గుమ్మడి, క్యారెట్. పాలకూర వద్దంది, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదట.

చిన్నపిల్లలున్న ఇళ్లకి ఇంకో మాట. తాబేలుని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాల్సిందే, తొట్టి వంటింటి సింక్‌లో కడగొద్దు. సాల్మొనెల్లా అనే క్రిమి వల్ల జబ్బు వస్తుంది. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్లని అమ్మకుండా 1975లోనే ఆపేసింది దీనివల్లే. మన షాపుల్లో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద పిల్లల్ని కూడా అమ్మేస్తున్నారు.

నిన్న సాయంత్రం గుమ్మడి ముక్క నీళ్లలో వేసి కదలకుండా కూర్చున్నాం. ఎడమ రెప్ప సగం లేచింది. మెడ సాచి ఒకసారి కొరికింది, ముక్క జారిపోయింది. రెండోసారి పట్టేసింది. మా బాబు ఇల్లంతా గెంతాడు. కుడి కన్ను ఇంకా ఉబ్బుగానే ఉంది. శనివారం మళ్లీ హైదరాబాద్ బస్సు.