ముసురులో ఎన్ని వానలో

పొద్దున సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టింది. వార్మ్ ఫ్రంట్, అంటే చల్లగాలి మీదికి వెచ్చటిగాలి ఎక్కే సరిహద్దు, నేలమీద ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని మంచుస్ఫటికాల మేఘం ఇక్కడిదాకా పాకిందన్నమాట. ఆ ఫ్రంట్ వాలు అంత తక్కువ. సుమారు 200 కిలోమీటర్లు పోతే గానీ ఒక కిలోమీటరు ఎత్తు పెరగదు. ఆ వాలు మీద తేమగాలి నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టే సమశీతోష్ణ మండలపు తుఫానులో ముందుగా వచ్చేది ముసురు.

పది గంటలకు రాడార్‌లో వాన కనిపిస్తోంది, నేల మాత్రం పొడిగా ఉంది. చినుకులు కింది పొడిగాలిలో ఆవిరైపోతున్నాయి. ఆ గాలి తడిసి చల్లబడ్డాకే చినుకు నేలకు దిగింది.

ముసురు ఒకే తీరున పడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, రాడార్‌లో చూస్తే పదుల కిలోమీటర్ల వెడల్పున పట్టీలు. పైన చిన్న చిన్న మేఘాలు స్ఫటికాలను రాలుస్తుంటాయి. కింది మందపాటి మేఘం వాటికి మేత. అక్కడ సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టని నీటి బిందువులు ఆవిరవుతూ ఉంటే, ఆ ఆవిరి స్ఫటికాల మీద పేరుకుంటుంది. మంచు మీద సంతృప్త ఆవిరి పీడనం నీటి మీదకన్నా తక్కువ కదా. మైనస్ 15 డిగ్రీల దగ్గర ఈ పెరుగుదల జోరుగా ఉంటుంది. సున్నా దాటి దిగాక స్ఫటికాల గుత్తులు కరగడం మొదలై పైన నీటిపొర కట్టుకుంటాయి. రాడార్‌కు అవి పెద్ద చినుకుల్లా మెరుస్తాయి. ఆ మెరిసే పట్టీని చూసి కుండపోత అనుకుంటే లెక్క తప్పుతుంది.

మధ్యాహ్నం వార్మ్ ఫ్రంట్ దాటిపోయి గాలి వెచ్చబడింది. మిగిలింది సన్నటి తుంపరే.

సాయంత్రం కోల్డ్ ఫ్రంట్, అంటే వెచ్చటిగాలి కిందికి చల్లగాలి చొచ్చుకొచ్చే సరిహద్దు. దాని అంచున ఉండే వానపట్టీ వెడల్పు 5 కిలోమీటర్లకు అటూ ఇటూ, కానీ గాలి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో పైకి లేస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కదిలితే ఆరు నిమిషాల్లో మనల్ని దాటిపోతుంది. పట్టీ ఏకంగానూ ఉండదు, ముక్కలు ముక్కలుగా తెగుతుంది. జడివాన ముక్క ఒక ఊరి మీద పడితే, ముక్కల మధ్య ఖాళీ పక్క ఊరి మీద పడుతుంది. గంటకోసారి కొలిచే వానమాపకంలో ఈ తేడా కలిసిపోతుంది, నిమిషాల లెక్క కావాలి. ఆ వెంటనే పీడనం పెరిగింది, ఉష్ణోగ్రత పడిపోయింది. అయినా వాన అయిపోయిందనుకోకూడదు. ఫ్రంట్ వెనక పైఎత్తులో వెచ్చటిగాలి ఇంకా ఎక్కుతుంటే మరో వెడల్పాటి పట్టీ ఉంటుంది. అదీ దాటాక చల్లగాలిలో విడివిడి జల్లులు.