పెన్నాలో గాలానికి పడ్డ మలుగు పాము – నా అనుభవం

చొక్కాకి అంటిన జిగురు ఇంకా వదల్లేదు. సర్ఫులో నానబెట్టినా నీచు వాసన అట్లనే ఉంది. నిన్న రాత్రి పెన్నాలో నా గాలానికి మలుగు పాము పడింది (పేరుకే పాము, నిజానికి పాములా పొడుగ్గా ఉండే చేప), దానికి దెబ్బ తగలకుండా మళ్ళీ ఏట్లోనే వదిలాను. వినేదానికి ఇంతే. మధ్యలో జరిగింది మాత్రం కోపం చల్లారకముందే రాయాలనిపించింది.

పర్మిషన్ సంగతి ముందు చెప్పేస్తా. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సొసైటీలది. వాళ్ళు డబ్బు పెట్టి చేపపిల్లల్ని కొని వదులుకుంటారు కాబట్టి అక్కడ అడగకుండా గాలం వేయడం అన్యాయం. ఏటి విషయం కనుక్కుందామని ఒక ఆఫీసుకి పోతే ఒక టేబుల్ దగ్గర "గాలానికి పర్మిషన్ ఏందయ్యా" అన్నారు, పక్క టేబుల్ దగ్గర "అర్జీ రాసుకొని రండి" అన్నారు, రాసుకొని పోతే తీసుకునే మనిషి సీట్లో లేడు. చివరికి కోవూరు వైపు ఒడ్డున వలలు వేసుకునే వాళ్ళనే అడిగాను. వాళ్ళ వలలు ఎక్కడున్నాయో చూపించి, ఆ పక్కకి మాత్రం రాబాకన్నా అన్నారు. ఆఫీసులో దొరకని మర్యాద ఆడ దొరికింది.

సామానుకి పెద్ద ఖర్చు లేదు. లావు తంగూసు (నైలాన్ దారం), సీసపు గుండు, పెద్ద సైజు గాలం. చిన్న గాలాన్ని మలుగు కడుపు దాకా మింగేస్తుంది, అందుకే పెద్దదే వాడాలి. గాలం మొనకి వెనక ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి అణిచేశాను, తీసేటప్పుడు నోరు చీలకుండా. ఎరకి ఎర్రల (వానపాముల) గుత్తి చాలు, రొయ్య ముక్క అయినా పరవాలేదు. వానలు పడి ఏట్లో కొత్త నీళ్ళు వచ్చిన రాత్రులు దీనికి మంచివి, ఎందుకంటే మలుగు పగలు రాళ్ళ సందుల్లో, బురదలో దాక్కొని రాత్రి తిండికి బయటికొస్తుంది. పడినాక ఆలోచించే టైం ఇవ్వకూడదు. దారం వదులైతే పోయి రాయికి చుట్టుకుంటుంది, ఇక ఎవరూ లాగలేరు. నేను వదులివ్వలేదు. నాతో వచ్చిన మా పెద్దమ్మ కొడుకు టార్చి పట్టుకున్నాడు, నేను ఒక్క ఊపున లాగుతూ మెత్తటి ఇసుక మీదికి తెచ్చేశాను. నా చెయ్యంత పొడుగుంది, మణికట్టంత లావు. ఇంత శుభ్రంగా మలుగును ఒడ్డుకి తెచ్చినవాళ్ళు మా స్నేహితుల్లో ఎవరూ లేరు, ఈ మాట ధైర్యంగా చెబుతా.

ఒడ్డుకొచ్చిన మలుగు తన ఒంటిని తనే మెలేసుకొని తంగూసును ముడి వేస్తుంది. గట్టిగా పట్టుకుంటే జారిపోతుంది, ఎంత పిసికితే అంత జిగురు వస్తుంది. పైగా అది వెనక్కి కూడా ఈదగలదు, కాబట్టి తల దగ్గర పట్టుకుంటే తోకవైపు గుంజుకొని పోతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి కాలితో తొక్కుతారు. దానికి ఒక పద్ధతుంది, చదివి గుర్తుపెట్టుకున్నాను. తడి ఇసుకలో అరచేతి వెడల్పున గాడి తీసి, చేపను అందులో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద తడి చేత్తో నెమ్మదిగా నిమరాలి. చుట్టూ గోల లేకపోతే కాసేపటికి కదలకుండా ఉంటుంది. తడిపిన గోనెసంచి కూడా పక్కన పెట్టుకున్నా. పొడిబట్ట వాడితే పట్టు బాగానే దొరుకుతుంది గానీ ఒంటి మీద జిగురంతా ఊడొస్తుంది, ఆ జిగురే దానికి రోగాలు రాకుండా కాపలా. వదిలేసే చేపకి పొడిబట్ట వాడకూడదు.

గాడి తీశాను, పడుకోబెట్టాను, అది నెమ్మదిస్తోంది. సరిగ్గా అప్పుడే కట్ట మీద పోయేవాళ్ళు టార్చి వెలుగు చూసి దిగొచ్చారు. ఎవరో "పామురోయ్!" అని అరిచారు, అంతే, ఇంకో నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఆ అరుపులకి, కాళ్ళ చప్పుడికి చేప మళ్ళీ లేచి నా చేతికి చుట్టుకుంది. చుట్టుకుంటే ఏమీ కాదు, దానికి విషం లేదు, చిన్న చిన్న పళ్ళుంటాయి, కరిస్తే చర్మం గీసుకుపోతుంది. కానీ ఆడ నా మాట వినేదెవరు? ఒకాయన సరుగుడు కర్ర తీసుకొచ్చి "చెయ్యి పక్కకి పెట్టు, కొట్టేస్తా" అని మీదికొచ్చాడు. నా చేతికి చుట్టుకొని ఉంటే కర్రతో కొడతాడంట! "అన్నా, కొట్టబాకన్నా, ఇది చేప" అని మా వాడు అడ్డం నిలబడ్డాడు. "చేపకి ఈ చుట్టుకోవడం ఏందిరా, మాకు తెలీదా" అన్నాడాయన. ఇంకొకతను "అది కరెంటు చేప, ముట్టుకుంటే షాక్ కొడుతుంది" అని అందరినీ వెనక్కి జరిపాడు. కరెంటు చేపలు దక్షిణ అమెరికా నదుల్లో ఉంటాయి, పెన్నాలో లేవు, పైగా అవి అసలు మలుగు జాతే కావు. నేను దాన్ని చేత్తో పట్టుకొని వాళ్ళ ముందే నిలబడి ఉన్నా షాక్ మాట నమ్ముతున్నారు!

మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చొని, టార్చి దగ్గరికి తెమ్మని, ఒక్కొక్కటే చూపించాను. తల వెనక రెండు పక్కలా చిన్న రెక్కలున్నాయి చూడండి, వీపు మీద మొదలైన రెక్క తోక చుట్టూ తిరిగి పొట్ట కిందికి వచ్చింది చూడండి, నీరుకట్టె పాముకి ఇవుండవు, దానికి ఒళ్ళంతా పొలుసులు కనబడతాయి, నాలుక ఆడిస్తుంది. ఒక చిన్న పిల్లాడు మాత్రం వంగి చూసి "అవునన్నా, రెక్కలుండాయి" అన్నాడు. పెద్దవాళ్ళలో ఒక్కరూ వంగలేదు. అందరూ ఫోన్లు పట్టుకొని వీడియో తీస్తున్నారు.

ఆ వీడియో రాత్రికి రాత్రే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. రెక్కలు చూపించిన భాగం కోసేసి, చేతికి చుట్టుకున్న భాగం మాత్రమే పెట్టి, కింద "నాగుల చవితి ముందు పామును హింసిస్తున్న యువకుడు" అని రాశారు. పొద్దున్నే మా అత్తయ్య ఫోన్ చేసింది. "ఏంది నాయనా ఈ పని, కార్తీక మాసంలో? పుట్టకి పోయి పాలు పోసి దండం పెట్టుకో, పిల్లలు గల ఇల్లు" అని ఆమె ఏడుస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ప్రతి సంవత్సరం మా ఆవిడతో, పిల్లలతో కలిసి పుట్ట దగ్గరికి పోయి చలిమిడి, చిమ్మిలి పెట్టి వచ్చే మనిషిని. నన్ను పట్టుకొని పామును హింసించానంటారా? కర్ర తెచ్చిన మనిషిని ఎవరూ ఒక్క మాట అనలేదు. చేతికి చుట్టుకున్న ప్రాణిని చావకుండా కాపాడినవాణ్ణి నేను. తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోండి అని ముందు పెట్టి చూపిస్తుంటే చూడకుండా, సగం కోసి ఊరంతా పంపడం పాపం. అత్తయ్యకి మా వాడు తీసిన ఫొటోలో రెక్కల చుట్టూ ఎర్రగీత గీసి పంపాను. ఇప్పుడు కొంచెం కుదుటపడింది. వీడియో పెట్టిన అబ్బాయి నంబర్ కూడా దొరికింది. తీసేస్తానన్నాడు, ఇంకా తీయలేదు.

ఇక చేప సంగతి. రాత్రి గుమిగూడినవాళ్ళు అలిసిపోయి కట్టెక్కి పోయినాక టార్చి ఆర్పేసి, మళ్ళీ గాడిలో పడుకోబెట్టి నిమిరితే తేలిగ్గానే ఒదిగింది. గాలం పెదవి మూలనే ఉంది, ముల్లు అణిచేసి ఉండటంతో ప్లేయర్‌తో ఒక్క తిప్పుకి వచ్చేసింది. ఒకవేళ లోపలికి మింగి ఉంటే గుంజి పేగులు తెంపకండి, తంగూసును నోటి దగ్గరికి కోసి వదిలేయండి. కాసేపు దగ్గర ఉంచుకోవాలంటే కొంచెం నీళ్ళున్న బకెట్ కన్నా తడి గోనెసంచే నయం. మలుగు చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది, ఒళ్ళు తడిగా ఉంటే గంటల తరబడి బతుకుతుంది. బకెట్ అయితే మూత లేకుండా అసలు పెట్టొద్దు, పాకి బయటపడుతుంది.

తినేవాళ్ళని నేను కాదనను. ముందు ఐసులో బాగా చల్లబరిస్తే మందగిస్తుంది, అప్పుడు తల మీద ఒక్క గట్టి దెబ్బతో చంపాలి, కొట్టి కొట్టి కాదు. జిగురు పోయేదానికి బొమ్మిడాయిలకి చేసినట్టే రాళ్ళుప్పు, బూడిద వేసి రుద్దుతారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, దీని పచ్చి రక్తంలో విషముంటుంది. కంట్లో పడినా, చేతి గాయానికి తగిలినా మంట, వాపు వస్తాయి. కోసినాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బాగా ఉడికితే ఆ విషం పోతుంది, పులుసుకి భయం లేదు.

నేను మాత్రం వదిలేశాను. ఇంట్లో కార్తీకం అనే కాదు. మలుగు పుట్టేది సముద్రంలో, పిల్లగా ఉన్నప్పుడు ఏట్లోకి ఎక్కి వస్తుంది, ఏళ్ళ తరబడి ఇక్కడే పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టేదానికి సముద్రానికే పోతుంది. జీవితంలో ఒక్కసారే గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది. అంటే మనకి గాలానికి దొరికే ప్రతి మలుగూ ఇంకా గుడ్లు పెట్టనిదే. పైన సోమశిల డ్యాం, కింద సంగం, నెల్లూరు బ్యారేజీలు, వీటి మధ్య పైకి ఎక్కడం, కిందికి దిగడం దానికి ముందే కష్టం. కొత్త నీళ్ళు పోతున్నప్పుడు పెద్ద మలుగు పడితే అది త్వరలో సముద్రానికి బయల్దేరాల్సినదే కావచ్చు. చేపల పులుసు మీద అంత మనసుంటే మార్కెట్‌లో బొమ్మిడాయిలు కొనుక్కోండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి చోట సముద్రం ఒడ్డున గాలం వేసేవాళ్ళకి ఇంకో మాట. ఆడ నిజం సముద్రపు పాములుంటాయి, వాటికి విషం ఉంది. తోక చివర పక్కలకి అణిగి వెడల్పుగా ఉంటుంది, తల వెనక రెక్కలుండవు. ముందు టార్చి వేసి రెక్కలున్నాయో లేదో చూడండి. లేకపోయినా, అనుమానంగా ఉన్నా, గాడి తీయడం, నిమరడం ఏమీ వద్దు, దూరం నుంచే తంగూసు కోసేసి వెనక్కి జరగండి.