చలి ముందు కట్టెల సర్దుడు

నాలుగు రోజులుగా పొద్దున్నే తలుపు తీస్తే గడ్డి అంతా మంచుతో తడిసి ఉంటోంది. మాది చిన్న ఊరు. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో పొగ చూసే చెప్పేయొచ్చు. ఈ రోజుల్లో ఆ పొగ పైకి పోదు, ఇళ్ల మీద దుప్పటి పరిచినట్టు ఆగిపోతుంది. రాత్రి నేల తొందరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని పైనున్న వెచ్చటి గాలి మూతలా పనిచేస్తుంది. కారణం తెలిసినంత మాత్రాన దగ్గు ఆగదనుకోండి!

పోయిన వారం పేర్చిన కట్టెల మీద నిన్న ఇంకొన్ని వేస్తుంటే పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూశాడు. "పచ్చివి అడుగున పెట్టావేంటి, గాలెట్లా తగులుతుంది?" అని మొత్తం దింపించి, కింద రెండు దుంగలు వేయించి, మళ్లీ పేర్పించాడు. చిరాకేసింది. తీరా చూస్తే అడుగు కట్టెలకు అప్పుడే బూజు. పచ్చి కట్టె కాలితే సగం శక్తి పొగ పెట్టడానికే అన్నట్టుంటుంది. లోపలి నీళ్లు ఆవిరయ్యేదాకా సరిగ్గా మండదు మరి.

డిసెంబర్ 21, 22 దాకా పగలు ఇంకా తగ్గుతూనే ఉంటుంది. సాయంత్రం పని మధ్యలో ఉండగానే చీకటి పడిపోతోంది, పశువులు కూడా ముందే ఇంటిదారి పడుతున్నాయి.

ఇందాక చూశాను, పెద్దాయన పెరట్లో కట్టెలు నడుము ఎత్తు కూడా లేవు. నన్ను ఒక్క మాట అడగలేదు. రేపు ఎండినవి ఏరి రెండు మోపులు వేసొస్తాను. పేర్చడం మాత్రం ఆయనకే వదిలేస్తా.